విమాన సిబ్బందికి టీకా: ఎవరి రక్షణ కోసం?

2021 మే 4న ఎయిరిండియా పైలట్ల సంఘం యాజమాన్యానికి ఒక ఉత్తరం రాసింది. పద్దెనిమిదేళ్లు దాటిన విమాన సిబ్బందికి దేశమంతటా శిబిరాలు పెట్టి ముందుగా కరోనా టీకా వేయించాలి, లేకపోతే విధులు ఆపేస్తాం అన్నది దాని సారాంశం. మూడు నెలలు తిరగ్గానే, ఆగస్టు 6న, షికాగో కేంద్రంగా నడిచే యునైటెడ్ ఎయిర్‌లైన్స్ అమెరికాలోని తన 67 వేల మంది ఉద్యోగులకు ఇంకో రకం ఉత్తరం పంపింది. టీకా వేయించుకోవాలి, లేకపోతే ఉద్యోగం ఉండదు అని. అక్కడి సిబ్బందిలో కొందరు కోర్టుకెక్కారు. ఒకచోట టీకా ఇవ్వలేదని పని ఆపేస్తామన్నారు, మరోచోట టీకా వేయించుకోమన్నందుకు కేసు వేశారు. చేసే పని ఒకటే, నడిపే విమానాలూ ఇంచుమించు అవే, వైరస్ కూడా అదే.

చదువుకున్నవాళ్లు ఒకవైపు, చదువులేనివాళ్లు మరోవైపు నిలబడ్డారని దీన్ని తేల్చెయ్యడం తప్పు. రెండు వైపులా పైలట్లే ఉన్నారు. మన దగ్గర 2021 ఏప్రిల్, మే నెలలంటే రెండో ఉధృతి. ఆసుపత్రుల్లో పడక దొరకని రోజులు, ఆక్సిజన్ సిలిండర్ కోసం జనం రాత్రంతా ఫోన్లు చేసిన రోజులు. మే నెల మొదలయ్యేదాకా మామూలు జనంలో నలభై అయిదేళ్లు దాటినవారికే టీకా. 2020 మే 7న మొదలైన వందే భారత్ విమానాల్లో విదేశాల నుంచి మనవాళ్లను మోసుకొచ్చిన సిబ్బందిలో చాలామంది ఆ వయసు లోపువాళ్లే. కళ్లముందు తోటివాళ్లు పోతుంటే టీకా కావాలా వద్దా అన్న చర్చ ఎక్కువసేపు నడవదు. అమెరికాలో 2021 వేసవికి టీకా ప్రతి మందుల షాపులోనూ ఉచితంగా దొరుకుతోంది. అక్కడ చర్చకు తీరిక దొరికింది. ఆ చర్చలో వేరువేరుగా అడగాల్సిన ప్రశ్నలు కలగాపులగమైపోయాయి. ఈ టీకా నన్ను కాపాడుతుందా? నా పక్కన కూర్చున్నవాణ్ణి కాపాడుతుందా? వేయించుకోమని నన్ను బలవంతపెట్టే హక్కు కంపెనీకి ఉందా? మొదటిదానికి విజ్ఞాన శాస్త్రం దగ్గర గట్టి జవాబు ఉంది. రెండోదానికి ఉన్నది సగం జవాబు, అదీ కాలంతో మారిన జవాబు. మూడోది శాస్త్రం పరిధిలోదే కాదు. వీటిని విడదీసి మాట్లాడి ఉంటే ఇంత పేచీ ఉండేది కాదని నా అభిప్రాయం.

టీకా అన్నది విమానయానానికి కొత్త కాదు. ఆఫ్రికాలోని చాలా దేశాలకు వెళ్లే సిబ్బంది ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని పసుపుపచ్చ పుస్తకం దగ్గర పెట్టుకోవడం దశాబ్దాలుగా ఉన్న పద్ధతి. హైదరాబాద్ నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ ఐపీఎంకు ఆ సూది కోసం వెళ్లినవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. ఒక్క డోసు చాలు, సర్టిఫికెట్ పదిరోజుల తర్వాత అమల్లోకి వస్తుంది, 2016 నుంచి అది జీవితకాలం చెల్లుతుంది. దాని మీద పెద్దగా గొడవ జరగలేదు. అది ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్న టీకా, పైగా జబ్బు రాకుండానే ఆపుతుంది. కరోనా టీకా అలా కాదు. ఏడాది లోపల తయారైంది. కోవాగ్జిన్‌కు మన దేశంలో 2021 జనవరి 3న పరిమిత అనుమతి వచ్చేనాటికి మూడో దశ ప్రయోగాల ఫలితాలు ఇంకా వెలువడలేదు. ఆ సమయంలో ఎవరైనా కాస్త ఆగి చూద్దామనుకుంటే వాళ్లను మూర్ఖులు అనలేం. తర్వాత 25,798 మంది మీద జరిగిన ఆ ప్రయోగం ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. లక్షణాలతో వచ్చే జబ్బు నుంచి 77.8 శాతం, తీవ్రమైన జబ్బు నుంచి 93.4 శాతం రక్షణ ఉందని అందులో తేలింది.

ఇంతకీ విమానంలో పనిచేసేవాళ్లకు ముప్పు ఎంత? విమానంలో గాలి మనం అనుకునేంత పాడుగాలి కాదు. పైకప్పు దగ్గర నుంచి వచ్చి నేల దగ్గర బయటికి పోతుంది, గంటకు ఇరవై ముప్పైసార్లు మారుతుంది, మళ్లీ లోపలికి వచ్చే భాగం హెపా వడపోత గుండా వస్తుంది. ఆ వడపోత 0.3 మైక్రాన్ల కణాల్ని 99.97 శాతం దాకా పట్టేస్తుంది. అయితే ఈ లెక్క గాలి యంత్రాలు పూర్తిగా నడుస్తున్నప్పటిది. పక్కవాళ్లు దగ్గితే ఆ గాలి వడపోత దాకా చేరేలోపే మన ముక్కు దాకా వస్తుంది.

2020 మార్చి 1న లండన్ నుంచి బయలుదేరి మర్నాడు హనోయ్ చేరిన విమానం దీనికి కళ్లకు కట్టే ఉదాహరణ. అందులో 201 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. బిజినెస్ తరగతిలో కూర్చున్న ఒక యువతికి ఎక్కేసరికే గొంతు నొప్పి, దగ్గు. పది గంటల ప్రయాణం. అప్పటికి మాస్కు నియమం లేదు. దిగాక వియత్నాం ఆరోగ్యశాఖ ఒక్కొక్కరినీ వెతికి పరీక్షలు చేసింది. పదిహేను మందికి సోకిందని తేలింది. వారిలో పన్నెండు మంది ఆమెతోపాటు బిజినెస్ తరగతిలో ఉన్నవారు, ఇద్దరు వెనక ఎకానమీ తరగతి ప్రయాణికులు, ఒకరు ఎకానమీలో పనిచేసిన కేబిన్ సిబ్బంది. ప్రయాణికుడు జీవితంలో ఒకటి రెండుసార్లు అలాంటి విమానం ఎక్కుతాడేమో. ట్రే అందిస్తూ, ఖాళీ కప్పులు ఏరుతూ, మాస్కు తీసి భోంచేసే మనుషుల మీదికి వంగుతూ తిరిగే అమ్మాయికి అది నెల పొడుగునా ఉండే డ్యూటీ.

విమానం బయట ఉండే ముప్పు ఇంకా పెద్దది. విమానాశ్రయం నుంచి హోటల్‌కు తీసుకెళ్లే వ్యాను, బ్రీఫింగ్ గది, హోటల్ కారిడారు, వీటిలో హెపా వడపోతలేమీ లేవు. తైవాన్ దీన్ని గట్టిగా నేర్చుకుంది. కరోనాను ఏడాదికి పైగా గడప దాటనివ్వని దేశం అది. 2021 ఏప్రిల్‌లో సుదూర విమానాల పైలట్లకు ఏకాంతవాసాన్ని మూడు రోజులకు తగ్గించారు. నెల తిరక్కుండానే చైనా ఎయిర్‌లైన్స్ సరుకు విమానాల పైలట్లలో, విమానాశ్రయం పక్కన వాళ్లు బసచేసే హోటల్‌లో కేసులు బయటపడ్డాయి. మే 15 నాటికి తైపీలో మూడో స్థాయి ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. ఆ పైలట్లలో టీకా వేయించుకున్నవాళ్లు అప్పటికి కొద్దిమందే.

ఇక సూది సంగతి. పైలట్ల భయాలు మామూలు మనుషుల భయాల్లాంటివి కావు. వాళ్ల ఉద్యోగం మెడికల్ సర్టిఫికెట్ మీద నిలబడి ఉంటుంది. ఏటా గుండె, కళ్లు, చెవులు అన్నీ పరీక్షించుకుని పాసైతేనే కాక్‌పిట్‌లోకి వెళ్లనిస్తారు. విమాన వైద్యంలో ఒక శాతం నియమం అని ఒకటి చాలా దేశాల్లో వాడుకలో ఉంది. ఒక పైలట్ ఏడాది కాలంలో హఠాత్తుగా చేతులెత్తేసే అవకాశం ఒక శాతానికి మించకూడదు అన్నది దాని అర్థం. అలాంటి కొలతల మధ్య బతికే మనిషికి "కొందరిలో గుండె కండరం వాపు వచ్చిందట" అన్న మాట వినపడితే నిద్ర పట్టకపోవడంలో వింత లేదు.

అందుకే విమాన అధికారులు మొదటి నుంచీ ఒక జాగ్రత్త పెట్టారు. 2020 డిసెంబరులో ఫైజర్ టీకాకు అత్యవసర అనుమతి వచ్చిన మర్నాడే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ, సూది వేయించుకున్న పైలట్ 48 గంటలు విమానం నడపకూడదని చెప్పింది. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2021 మార్చిలో అదే నియమం పెట్టింది. 48 గంటల తర్వాత ఏ లక్షణాలూ లేకపోతే డ్యూటీకి వెళ్లొచ్చు, ఉంటే డాక్టరు చూడాలి, పద్నాలుగు రోజులు దాటినా తగ్గకపోతే ప్రత్యేక వైద్య పరీక్ష జరగాలి.

ఆ 48 గంటల్లో ఒంట్లో ఏం జరుగుతుంది? సూది భుజం కండరంలో దిగగానే అక్కడి కాపలా కణాలు కొత్త పదార్థాన్ని గుర్తుపట్టి ఇంటర్‌ఫెరాన్లు, ఇంటర్‌ల్యూకిన్లు అనే సంకేత రసాయనాల్ని విడుదల చేస్తాయి. ఇవి రక్తంలో కలిసి మెదడు దాకా చేరతాయి. హైపోథాలమస్‌లో ప్రోస్టాగ్లాండిన్ పెరిగి ఒంటి ఉష్ణోగ్రత మీటను ఒకటి రెండు డిగ్రీలు పైకి జరుపుతుంది. దానితో చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు. ఈలోగా డెండ్రిటిక్ కణాలు వైరస్ ముక్కల్ని మోసుకుని చంక కింద ఉన్న లింఫు గ్రంథులకు వెళ్తాయి. కొందరికి చంకలో బిళ్ల కట్టేది అందుకే. ఎక్కువమందికి ఈ హడావిడి ఒకటి రెండు రోజుల్లో సద్దుమణుగుతుంది. ఇది నేల మీద అయితే మాత్ర వేసుకుని పడుకుంటే పోయే ఇబ్బంది. కాక్‌పిట్‌లో గాలి పీడనం ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది. అక్కడ ఆరోగ్యవంతుడి రక్తంలోనూ ఆక్సిజన్ 92, 93 శాతానికి దిగొచ్చు. దానికి జ్వరం, నిద్రమత్తు తోడైతే తప్పు జరిగే అవకాశం పెరుగుతుంది. 48 గంటల నియమం వెనక ఉన్నది ఈ జాగ్రత్తే, టీకా మీద అనుమానం కాదు. కానీ చాలామంది దాన్ని అనుమానంగానే అర్థం చేసుకున్నారు.

రక్తం గడ్డకట్టడం గురించి పుట్టిన పుకారు మరీ దారుణం. 2021 జూన్‌లో, టీకా వేయించుకున్నవాళ్లు పైకి ఎగిరితే రక్తం గడ్డకడుతుందని, విమాన సంస్థలు వాళ్లను ఎక్కించుకోకూడదని సమావేశాలు పెట్టుకుంటున్నాయని ప్రపంచమంతా పాకింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ పైలట్లు టీకా వల్లే చనిపోయారన్న మాట కూడా దానికి తోడైంది. అందులో నిజం లేదని ఆ సంస్థ ప్రకటించింది. ఈ పుకారు రెండు వేరువేరు జబ్బుల్ని కలిపేసింది. సుదూర ప్రయాణంలో కాళ్లలో రక్తం గడ్డకట్టేది గంటల తరబడి కదలకుండా కూర్చోవడం వల్ల. ఆస్ట్రాజెనెకా, జాన్సన్ టీకాల తర్వాత అరుదుగా కనిపించిన గడ్డలు ఇంకో రకం. ప్లేట్‌లెట్లలో ఉండే నాలుగో నంబరు కారకం అనే ప్రొటీన్ మీదికి ఒంట్లోనే ప్రతిరక్షకాలు పుట్టి, అవి ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టడం వల్ల వచ్చేవి. ఆ ప్రక్రియలో ఎత్తుకు పాత్ర లేదు. మన దేశంలో కోవిషీల్డ్ (ఆస్ట్రాజెనెకా టీకాకు ఇక్కడి పేరు) తర్వాత ఇలాంటి అనుమానిత కేసులు 26 వచ్చాయని, అంటే పది లక్షల డోసులకు 0.61 అని, 2021 మే 17న కేంద్ర ప్రభుత్వం వెల్లడించింది. అవి ఉన్నాయి, ప్రమాదకరమైనవి, అరుదైనవి. ఈ మూడు మాటలూ కలిపి చెప్పాలి. ఏ ఒక్కటి వదిలేసినా అది అబద్ధానికి దగ్గరవుతుంది.

గుండె కండరం వాపు ఫైజర్, మోడర్నా వంటి ఎంఆర్ఎన్ఏ టీకాలతో ముడిపడ్డ సంగతి. ఇజ్రాయెల్ లెక్కల్లో 16 నుంచి 29 ఏళ్ల మగవాళ్లలో లక్షకు పది పదకొండు మందికి వచ్చింది. ఎక్కువ భాగం తేలికగానే తగ్గింది. అదే దేశంలో చేసిన మరో అధ్యయనం వేర్వేరు వయసులవారిని కలిపి చూసింది. టీకా వల్ల అదనంగా లక్షకు దాదాపు ముగ్గురికి గుండె వాపు వస్తే, కరోనా సోకినవారిలో అదనంగా లక్షకు పదకొండు మందికి వచ్చింది. పైలట్ తూచాల్సింది ఈ రెంటినీ. సూది వద్దనుకుంటే ముప్పు సున్నా అవ్వదు, వైరస్ వైపు ఉన్న ముప్పు నెత్తిన పడుతుంది.

ఇప్పుడు అసలు చిక్కుముడి దగ్గరికి వద్దాం. నా టీకా నా పక్కవాణ్ణి కాపాడుతుందా? యునైటెడ్ అధిపతి స్కాట్ కర్బీ ఉత్తరంలో అసలు వాదన ఇదే. అందరూ వేయించుకుంటే అందరికీ భద్రత అన్నారు. సరిగ్గా వారం ముందు, జూలై 30న, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ మసాచుసెట్స్‌లోని ఒక సముద్రతీర పట్టణం గురించి నివేదిక ఇచ్చింది. సెలవులకు జనం పోటెత్తిన ఆ పట్టణం నుంచి పాకిన 469 కేసుల్లో 74 శాతం టీకా పూర్తిగా వేయించుకున్నవారివే. ఆసుపత్రి పాలైనవారు అయిదుగురు, చనిపోయినవారు లేరు.

ఎందుకలా? భుజానికి వేసిన సూది రక్తంలో ఐజీజీ అనే ప్రతిరక్షకాల్ని పెంచుతుంది. అవి ఊపిరితిత్తుల లోతుకు బాగా చేరతాయి. వైరస్ మొదట దిగేది ముక్కులో. అక్కడ కాపలా కాయాల్సింది ఐజీఏ రకం. కండరంలోకి వేసిన టీకా దాన్ని పెద్దగా పుట్టించదు. అందుకని దొంగ వాకిట్లోకి రాగలుగుతాడు కానీ బీరువా దాకా పోలేడు. పైగా రక్తంలోని ప్రతిరక్షకాలు కొన్ని నెలల్లో తగ్గిపోతాయి. మిగిలేవి జ్ఞాపక కణాలు. అవి నిద్రలేచి సైన్యాన్ని పెంచడానికి కొన్ని రోజులు పడుతుంది. ఒమిక్రాన్ లాంటి రకం మూడు రోజుల్లోనే లక్షణాలు చూపిస్తుంది కాబట్టి మొదటి పందెం అది గెలుస్తుంది, జలుబు జ్వరం వస్తాయి. ఊపిరితిత్తులు దెబ్బతినేది రెండో వారంలో. అప్పటికి టి కణాలు, కొత్త ప్రతిరక్షకాలు సిద్ధం. రెండో పందెం టీకాది. టీకా వేయించుకున్నా కరోనా వచ్చిందని చెప్పేవారి మాటా నిజమే, టీకా ప్రాణం కాపాడిందని చెప్పేవారి మాటా నిజమే. ముక్కులోనే కాపలా పెట్టాలన్న ఉద్దేశంతో హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ ముక్కులో వేసే ఇన్‌కోవాక్ టీకాను తయారుచేసింది, 2022 సెప్టెంబరులో దానికి అనుమతి వచ్చింది.

టీకా వల్ల వ్యాప్తి కొంత తగ్గింది, ముఖ్యంగా మొదటి కొన్ని నెలల్లో. అయితే అది ఆగిపోలేదు. ఈ మాటను కంపెనీలూ ప్రభుత్వాలూ మొదటే విడమర్చి చెప్పి ఉండాల్సింది. ఎక్కువ ఆశ పెట్టారు. డెల్టా, ఒమిక్రాన్ రకాలు వచ్చి ఆ ఆశను తగ్గించేసరికి, టీకా వద్దన్నవాళ్లు చూశారా అన్నారు.

వాళ్లు చూపించిన ఒక లెక్కను ఇక్కడ విప్పాలి. ఆసుపత్రిలో ఉన్నవాళ్లలో సగం మంది టీకా వేయించుకున్నవాళ్లేనట, ఇక ఏం లాభం అన్నది ఆ వాదన. ఊహకు ఒక విమాన సంస్థలో వెయ్యి మంది ఉన్నారనుకుందాం. 900 మంది వేయించుకున్నారు, వంద మంది లేదు. టీకా లేనివారిలో నూటికి పది మంది ఆసుపత్రికి వెళ్తే, టీకా ఆ ముప్పును పదోవంతుకు తగ్గిస్తే, అటు పది మంది, ఇటు తొమ్మిది మంది. ఆసుపత్రిలో చూస్తే దాదాపు సగం సగం. టీకా మాత్రం తొంభై శాతం పనిచేసింది. అదే లేకపోతే ఆ 900 మందిలో తొంభై మంది మంచం ఎక్కేవారు.

యునైటెడ్‌లో గడువు సెప్టెంబరు 27తో ముగిసింది. మర్నాటికి 593 మంది మీద వేటు వేస్తామని కంపెనీ చెప్పింది. ఆ తర్వాత కొద్ది రోజుల్లో చాలామంది సర్టిఫికెట్లు తెచ్చివ్వడంతో ఆ సంఖ్య 232కు దిగింది. మత, వైద్య కారణాలతో మినహాయింపు అడిగినవారు సుమారు రెండువేల మంది. వారిలో చాలామందిని జీతం లేని సెలవు మీద పంపారు. వాళ్లే కోర్టుకు వెళ్లింది. 2022 మార్చి చివర్లో తిరిగి పనిలోకి రానిచ్చారు. డెల్టా ఎయిర్‌లైన్స్ మరో దారి పట్టింది. ఉద్యోగం తీసెయ్యలేదు, టీకా లేనివారి ఆరోగ్య బీమాకు నెలకు 200 డాలర్లు అదనంగా వసూలు చేస్తామంది. కరోనాతో ఆసుపత్రిలో చేరిన ఒక్కో ఉద్యోగికి సగటున 50 వేల డాలర్లు ఖర్చవుతోందని అధిపతి ఎడ్ బాస్టియన్ కారణం చెప్పారు. అక్కడా టీకా వేయించుకున్నవారు 90 శాతానికి చేరారు. సౌత్‌వెస్ట్‌లో అక్టోబరు రెండోవారం చివర రెండు వేలకు పైగా విమానాలు రద్దయితే, పైలట్లు టీకాకు నిరసనగా సెలవు పెట్టారని వార్త పాకింది. పైలట్ల సంఘమూ కంపెనీయే కాక ఎఫ్‌ఏఏ కూడా దాన్ని ఖండించింది.

ఫలితం 2022 జనవరిలో కనిపించింది. ఒమిక్రాన్ ఉధృతిలో యునైటెడ్ ఉద్యోగులు మూడు వేల మందికి ఒకేసారి పాజిటివ్. నెవార్క్ విమానాశ్రయంలో ఒక రోజు దాదాపు మూడోవంతు సిబ్బంది అనారోగ్య సెలవు పెట్టారు. అంటే టీకా సోకడాన్ని ఆపలేదు. ఆ జనవరి ఉత్తరంలోనే కర్బీ ఇంకో సంగతి చెప్పారు. టీకా నియమానికి ముందు సగటున వారానికి ఒకరికి పైగా ఉద్యోగులు కరోనాతో చనిపోయేవారు, ఇప్పుడు టీకా వేయించుకున్నవారిలో వరసగా ఎనిమిది వారాలు ఒక్క మరణమూ లేదు అని. ఇది కంపెనీ చెప్పిన లెక్క, శాస్త్రీయ అధ్యయనం కాదు. ఒమిక్రాన్ డెల్టా అంత ప్రాణాంతకం కాదన్నదీ ఇందులో కలిసి ఉంది. అయినా ప్రపంచమంతటా వచ్చిన అధ్యయనాలు చెప్పిన దిశలోనే ఇదీ ఉంది. టీకా ప్రధానంగా కాపాడింది వేయించుకున్న మనిషినే.

మరి బలవంతపెట్టవచ్చా? మన సుప్రీంకోర్టు జాకబ్ పులియెల్ కేసులో 2022 మే 2న తీర్పు ఇచ్చింది. ఎవరినీ బలవంతంగా టీకా వేయించుకోమనకూడదని, శరీరం మీద హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని చెప్పింది. ప్రజారోగ్యం కోసం ఆంక్షలు పెట్టవచ్చు గానీ అవి అవసరానికి తగినంతే ఉండాలంది. టీకా తర్వాత వచ్చే ఇబ్బందుల్ని ప్రజలూ ప్రైవేటు డాక్టర్లూ నమోదు చేసేలా, ఆ వివరాలు అందరికీ కనిపించేలా ఏర్పాటు చెయ్యమని కేంద్రాన్ని ఆదేశించింది. నాకు ఈ చివరి ఆదేశమే అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. పైలట్ల భయాలకు కావాల్సిన జవాబు అదే కదా.

వచ్చే మహమ్మారి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఆ రోజు శంషాబాద్‌లో, గన్నవరంలో, విశాఖలో విమానం తలుపు దగ్గర నిలబడేవాళ్లకూ సామాను ఎక్కించేవాళ్లకూ సూది మొదటి వారంలోనే అందాలి. 48 గంటల విశ్రాంతి 2021లో పైలట్లకు, కేబిన్ సిబ్బందికి నియమంగా ఉండేది. కాంట్రాక్టు మీద పనిచేసే లోడరుకు రెండు రోజులు జ్వరం వస్తే ఆ రెండు రోజుల కూలి పోతుంది. టీకా వద్దనడానికి అది చాలు. యాజమాన్యాలు, ప్రభుత్వం ఆ రెండు రోజుల జీతం చేతిలో పెట్టి, ఈ టీకా ఎవరిని ఎంతకాలం కాపాడుతుందో ఉన్నదున్నట్టు చెప్పి, ఆ తర్వాత సూది పట్టుకుని రావాలని మనవి.